పిల్లాణ్ణి వదిలేసి పోయిందన్నారు: మా ఇంట్లో దొరికిన 1885 నాటి కోర్టు తగాదా

మా ఇంట్లో ఒక మాట ఉండేది. ఆడపిల్ల ఎవరైనా కాస్త గట్టిగా ఎదురు మాట్లాడినా, పిల్లల్ని అత్తగారి దగ్గర పెట్టి రెండ్రోజులు ఎటైనా వెళ్ళొచ్చినా మా నాయనమ్మ "నీకూ ఆవిడ పోలికే వచ్చినట్టుందే" అనేది. ఆవిడ అంటే మా ముత్తాత వాళ్ళ అమ్మ. మొగుడు పోయాక మూడేళ్ళ పిల్లాణ్ణి వదిలేసి ఇంకో మనువు చేసుకుని పోయింది, మళ్ళీ కొడుకు మొహం చూడలేదు, పెదనాన్న చేరదీసి పెంచి పెద్ద చేశాడు, ఇదీ మాకు చెప్పిన కథ. ఆవిడ పేరు కూడా ఎవరికీ తెలీదు, అడిగితే "ఆవిడ పేరెందుకే ఇప్పుడు" అని కొట్టిపారేసేవాళ్ళు. నేనూ నమ్మాను. నమ్మకపోవడానికి కారణం ఏముంది, చెప్పింది మన వాళ్ళే కదా.

ఇదంతా మారింది ఒక రేకు పెట్టె వల్ల. పాత ఇంటి పెంకులు దించేటప్పుడు అటక మీద నుంచి దాన్ని కిందకి దించారు, దాంట్లో పన్ను రశీదులు, ఎవరివో పెళ్ళి లెక్కలు, ఒక పాత గుడ్డలో చుట్టిన నాలుగు స్టాంపు కాగితాలు. నాన్న చెదలు పట్టినవి పక్కన పడేస్తుంటే ఆ గుడ్డ మూట నేను తీసుకున్నా. అందులో ఒకటి మా ముత్తాత రాసిచ్చిన దస్తావేజు అని పైన పేరుని బట్టి మాత్రం పోల్చుకోగలిగా, మిగతాది ఒక్క ముక్క చదవలేకపోయా, ఎందుకంటే అదంతా గొలుసుకట్టు రాత. మీలో చూసినవాళ్ళకి తెలుస్తుంది, కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం కలుపుకుంటూ పోతారు, మాటకి మాటకి మధ్య ఖాళీ ఉండదు, తలకట్లు ఉండవు, మన తెలుగే కానీ మనది కానట్టు ఉంటుంది.

మా పక్క ఊళ్ళో ఒక పెద్దాయన ఉన్నారు, వాళ్ళ నాన్నగారు 1984లో ఊరి భూమి లెక్కలు రాసే కరణాలని తీసేసేదాకా కరణీకం చేశారు, ఈయన చిన్నప్పట్నుంచి ఆ లెక్కలు చూసి చూసి గొలుసుకట్టు గడగడా చదివేస్తారు. ఆయన దగ్గరికి వెళ్ళి కూర్చున్నా. కళ్ళజోడు పైకి తోసి కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని పాడినట్టు చదువుతూ పోయారు, ఒక చోట ఆగి "అమ్మా, ఇది మనోవర్తి దస్తావేజు, మీ ముత్తాత వాళ్ళ అమ్మకి అరెకరం పల్లం జీవితాంతం అనుభవించమని రాసిచ్చాడు" అన్నారు. నేను కాదండీ, ఆవిడ లేదండీ, వెళ్ళిపోయిందండీ అన్నా. ఆయన ఇంకోసారి చదివి "మా తల్లిగారైన అనే ఉందమ్మా, కాకపోతే ఇంటిపేరు వేరే, ఊరూ వేరే" అన్నారు.

ఆ రోజు ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు. జీవితంలో మొహం చూడని తల్లికి ఎవడైనా అరెకరం పల్లం రాసిస్తాడా, అదీ గోదావరి కాలవ కింద భూమి, ఆనకట్ట కట్టాక రెండు పంటలు పండే భూమి. మనోవర్తి అంటే ఆ ఇంటి ఆడమనిషికి ఆ ఇంటి వాళ్ళు తిండికీ బట్టకీ ఇచ్చేది. ఇంకో ఇంటికి మనువెళ్ళిన మనిషికి మొదటి ఇంటి మీద అలాంటి హక్కేమీ ఉండదు. అయినా రాశాడు.

ఇక్కడ నేనొక తప్పు చేసి దాదాపు మూడు నెలలు పోగొట్టుకున్నా, ఇలాంటి పని మొదలుపెట్టే వాళ్ళకి పనికొస్తుందని చెప్తున్నా. దస్తావేజు మీద తెలుగు సంవత్సరం పేరు ఉంది కానీ అంచు చెదలు తినేసింది, "విక" వరకే కనిపిస్తోంది. నేను వికృతి అనుకున్నా. అరవై తెలుగు సంవత్సరాల వరసలో మొదటిదైన ప్రభవ 1867 కాబట్టి లెక్కేస్తే వికృతి 1890లో మొదలవుతుంది, సరే ఆ సంవత్సరం పట్టుకుని వెతకడం మొదలెట్టా. ఎంత వెతికినా దొరకలేదు. ఎప్పటికో తట్టింది, ముత్తాతకి 1890లో పదకొండేళ్ళే, మైనరు పిల్లాడు దస్తావేజు ఎలా రాస్తాడు? కాగితం తిప్పి చూస్తే వెనకవైపు స్టాంపు అమ్మినవాడి రాత ఉంది, ఎవరికి అమ్మాడు, ఏ తేదీన అమ్మాడు అని, ఇంగ్లీషు తేదీతో సహా. 1900 మార్చి. అంటే అది వికారి, వికృతి కాదు. పాత స్టాంపు కాగితం ఏది దొరికినా ముందు వెనక్కి తిప్పి చూడండి, దయచేసి.

అసలు తలుపు తెరిచింది మాత్రం మా బాబాయి. నాన్నకి పినతండ్రి కొడుకు, నలభై ఏళ్ళు సివిల్ కేసులు చూసి రిటైరైన ప్లీడరు. ఆ పెద్దాయన చదువుతుంటే రాసుకున్న దస్తావేజు మొత్తం ఫోన్లో చదివి వినిపిస్తుంటే "ఆగాగు, ఆ వయసు ముక్క మళ్ళీ చదువు" అన్నాడు. ఇరవై ఒకటో ఏడు నిండి మేజరునైనందున అని ఉంది బాబాయ్ అన్నా. "ఇరవై ఒకటా, పద్దెనిమిది కాదా? సరిగ్గా చూసి చెప్పు" అన్నాడు. ఇరవై ఒకటే. అప్పుడు చెప్పాడు, 1875లో వచ్చిన మెజారిటీ యాక్టు ప్రకారం పద్దెనిమిది నిండితే మేజరే, కానీ కోర్టు గార్డియన్‌ని పెట్టిన పిల్లాడికి మాత్రం అప్పట్లో ఇరవై ఒకటి నిండాల్సి ఉండేది. "ఊరికే పెదనాన్న చేరదీసి పెంచితే పద్దెనిమిదికే మేజరయ్యేవాడమ్మా. ఇరవై ఒకటి దాకా ఆగాడంటే కోర్టు గార్డియన్ ఉన్నాడు. కోర్టు గార్డియన్ ఉన్నాడంటే ఎవరో అర్జీ పెట్టారు. అర్జీ పెట్టారంటే ఎవరో అడ్డం తిరిగి ఉంటారు." ఒక్క అంకె నుంచి అంత లాగాడు మా బాబాయి, నాకు ఒళ్ళు జలదరించింది.

ఆ తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, 1983 నుంచే వస్తుంది, అంతకుముందువి చేత్తో వెతికించుకోవాల్సిందే. భూముల దస్తావేజుల నకళ్ళు ఒకటో నంబరు పుస్తకంలో ఉంటాయి, వాటికి పేర్లని బట్టి ఒక ఇండెక్సు, ఊళ్ళని బట్టి ఒక ఇండెక్సు. సర్చి ఫీజు కట్టి, సంవత్సరం కచ్చితంగా చెప్పగలిగితేనే పని అవుతుంది, నాకు ఇప్పుడు సంవత్సరం తెలుసు కాబట్టి అక్కడ పని తొందరగానే అయింది. మా దస్తావేజు నంబరు పక్కనే, తర్వాతి నంబరుతో, అదే రోజున ఇంకోటి రిజిస్టరై ఉంది. ముత్తాత వాళ్ళ పెదనాన్నకి చెల్లు రాసిచ్చిన కాగితం. నాకు రావాల్సిన మూడెకరాల చిల్లర భూమి, ఇంటి స్థలం, లెక్కలతో సహా అప్పజెప్పారు, ఇక బాకీ లేదు అని. దాంట్లో ఉంది కోర్టు అర్జీ నంబరు, 1885.

అప్పట్లో గోదావరి జిల్లా అంతా ఒకటే, తూర్పు, పడమర గోదావరి జిల్లాలు అని ఏర్పడింది 1925లో. కలెక్టరు కాకినాడలో, జిల్లా జడ్జి రాజమండ్రిలో. కోర్టు రికార్డుల కోసం తిరగడం గురించి ఎక్కువ రాయను, కాపీ దరఖాస్తు పెట్టడం, రమ్మన్న రోజు వెళ్ళడం, ఆ గుమస్తా సెలవులో ఉండటం, అన్ని చోట్లా ఉండేదే. చివరికి చెప్పిందేంటంటే కేసు కట్ట లేదు. పాత రికార్డులు ఏది ఎన్నాళ్ళు ఉంచాలో, ఏది నాశనం చెయ్యాలో రూల్సు ఉంటాయి, 1917లో దానికంటూ ఒక యాక్టే ఉంది, ఆ కట్ట ఎప్పుడో పోయింది. నేను ఏడుపు మొహం పెట్టుకుని నిలబడితే అక్కడ ఒకావిడ జాలిపడి "రిజిస్టరు ఉండొచ్చు చూద్దాం ఉండండి" అని లోపలికెళ్ళి అట్ట ఊడిపోయిన ఒక పెద్ద పుస్తకం పట్టుకొచ్చారు. పేజీ ముట్టుకుంటే అంచులు పొడిగా రాలుతున్నాయి. ఆవిడే తిప్పారు, నన్ను ముట్టుకోనివ్వలేదు, మంచిపని చేశారు.

ఒకే ఒక్క లైను. ఇంగ్లీషులో, నీలం సిరా గోధుమరంగులోకి మారిపోయి. అర్జీదారు పెదనాన్న. ఎదుటి పక్షం ముత్తాత వాళ్ళ అమ్మ, పేరుతో సహా. నా జీవితంలో మొదటిసారి ఆవిడ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో చూశా. ఆ పక్క గడిలో ఇద్దరి తరఫునా వకీళ్ళ పేర్లు. ఆవిడ తరఫున కూడా వకీలు ఉన్నాడు! పిల్లాణ్ణి వదిలేసి పోయిన మనిషి వకీలుని ఎందుకు పెట్టుకుంటుంది? ఆఖరి గడిలో గార్డియన్‌గా నియమించడమైనది అన్న అర్థంలో రెండు మాటలు. చట్టం గడిలో 1856 నాటి 15వ యాక్టు, సెక్షను మూడు.

ఆ యాక్టు పేరు చూసి నేను కాసేపు అయోమయంలో పడ్డా. 1856 నాటి 15వ యాక్టు అంటే వితంతు వివాహాల చట్టం, 1983లో రద్దయింది. స్కూల్లో చదువుకున్నాం కదా, వితంతువులకి మళ్ళీ పెళ్ళి చేసుకునే హక్కు ఇచ్చిన గొప్ప చట్టం. ఆ చట్టం అండతోనే కదా వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది. అదే రాజమండ్రిలో, అది జరిగిన నాలుగేళ్ళ లోపే, అదే చట్టంతో ఒక తల్లి దగ్గర్నుంచి పిల్లాణ్ణి తీసుకున్నారు. చిన్నప్పుడు పాఠం చదివినప్పుడు మొదటి సెక్షనే చెప్పారు మనకి. రెండు, మూడు ఎవరూ చెప్పలేదు.

రెండో సెక్షను ప్రకారం మళ్ళీ పెళ్ళి చేసుకున్న వితంతువుకి మొదటి భర్త ఆస్తిలో మనోవర్తి గానీ వారసత్వం గానీ ఏదీ మిగలదు, ఆవిడ చనిపోయినట్టే లెక్క, ఆ తర్వాత వారసులు ఎవరో వాళ్ళకి పోతుంది. మా వాళ్ళల్లో మారుమనువు ముందునుంచీ ఆచారమే, చట్టం వచ్చి ఇచ్చిన హక్కేం కాదు. అయినా సరే, ఆచారం ఉన్న కులాల్లో కూడా మళ్ళీ మనువాడితే మొదటి భర్త ఆస్తి పోతుందని మద్రాసు హైకోర్టు 1877లోనే చెప్పేసింది. అంటే మా వాళ్ళకి ఆ చట్టం కొత్తగా ఇచ్చింది ఏమీ లేదు, తీసుకున్నది మాత్రం తీసుకుంది.

మూడో సెక్షను పిల్లల గురించి. దాన్ని నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు, బాబాయి పక్కన కూర్చుని ఒక్కో ముక్క విడదీసి చెప్పాడు. చనిపోయిన భర్త వీలునామాలో ఎవర్నీ గార్డియన్‌గా పెట్టకపోతే, వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాక, ఆ భర్త తండ్రి గానీ తాత గానీ తల్లి గానీ నాయనమ్మ గానీ, లేదా భర్త వైపు మగ బంధువు ఎవరైనా సరే, జిల్లా కోర్టులో అర్జీ పెట్టుకోవచ్చు. కోర్టుకి సబబనిపిస్తే తల్లి స్థానంలో ఇంకొకర్ని గార్డియన్‌గా పెట్టొచ్చు. అప్పుడు అనుసరించాల్సిన పద్ధతి ఏంటంటే తల్లీ తండ్రీ ఇద్దరూ లేని పిల్లల విషయంలో ఏం చేస్తారో అదే. తల్లి అక్కడే కోర్టు వరండాలో నిలబడి ఉంటుంది, చట్టం దృష్టిలో మాత్రం పిల్లాడికి తల్లి లేదు.

తర్వాత ఒక చిన్న మినహాయింపు ఉంది, నన్ను నిద్రపోనివ్వనిది అదే. పిల్లలకి మేజరయ్యేదాకా తిండికీ చదువుకీ సరిపోయే సొంత ఆస్తి లేకపోతే, తల్లి ఒప్పుకోకుండా ఎవర్నీ గార్డియన్‌గా పెట్టకూడదు, పెట్టాలంటే వచ్చేవాడు పిల్లల పోషణకి జామీను ఇవ్వాలి. అంటే పిల్లాడు బీదవాడైతే తల్లి మాటకి విలువుంది, పిల్లాడికి భూమి ఉంటే తల్లి ఒప్పుకోలు అక్కర్లేదు. మా ముత్తాత వాళ్ళ నాన్న కలరాతో పోయేనాటికే అన్నదమ్ములు వేరుపడి ఉన్నారు, కాబట్టి ఆ మూడెకరాల చిల్లర నేరుగా పిల్లాడిదే. ఆ భూమి లేకపోయి ఉంటే, వట్టి చేతులతో ఉన్న పిల్లాడై ఉంటే, పెదనాన్న తన చేతి నుంచి జామీను కట్టి మరీ తీసుకెళ్ళేవాడా? నాకైతే నమ్మకం లేదు. అమ్మ దగ్గరే పెరిగేవాడు. మేము ఇన్ని తరాలుగా తిన్న అన్నం ఆ భూమిదే, ఆ భూమే ఆ పిల్లాణ్ణి అమ్మ దగ్గర్నుంచి విడదీసింది.

బాబాయితో ఈ మాట అంటే "పెట్టొచ్చు అనుంది కానీ పెట్టాలి అని లేదమ్మా, జడ్జి కావాలనుకుంటే తల్లి దగ్గరే ఉంచొచ్చు" అన్నాడు. మరి ఎందుకు ఉంచలేదు? దానికి ఆర్డరు కావాలి. ఆర్డరు ఉన్న కట్ట పోయింది.

అప్పుడు బుద్ధి వచ్చింది, కేసు గెలిచినవాడు ఆర్డరు నకలు తీసుకోకుండా ఉంటాడా, ఆ నకలు దాచుకోకుండా ఉంటాడా. పెదనాన్న గారి వైపు వాళ్ళతో మాకు గట్టు తగాదా వచ్చి రాకపోకలు పోయి నలభై ఏళ్ళు. నాన్న వద్దన్నాడు. నేనే ధైర్యం చేసి ఆ ఇంట్లో ఉన్న పెద్దావిడకి ఫోన్ చేశా, వరసకి నాకు దొడ్డమ్మ అవుతుంది. ఫలానా వాళ్ళమ్మాయిని దొడ్డమ్మా అనగానే అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత "ఏమ్మా, మీ నాన్న బాగున్నాడా, మోకాళ్ళ నొప్పులు తగ్గాయా" అంది. నలభై ఏళ్ళు మాట్లాడకపోయినా మోకాళ్ళ నొప్పుల సంగతి తెలుసు ఆవిడకి. విషయం చెప్పా. "కాగితాలున్నాయే, దేవుడి గదిలో పెట్టెలో ఉంటాయి, నాకు చదవడం రాదు, నువ్వే వచ్చి చూసుకో" అంది.

వెళ్ళా. చాప వేసి, పెట్టె ముందు పెట్టి, పక్కనే కూర్చుంది నేను చదివేంత సేపూ. ఆర్డరు నకలు ఇంగ్లీషులో నాలుగు పేజీలు, గుండ్రటి రాత, దానికి కుట్టి తెలుగు తర్జుమా. నేను ఉన్నదున్నట్టు దించట్లేదు, సారాంశం చెప్తా. పెదనాన్న చెప్పింది, నా తమ్ముడి కొడుకు పరాయి ఇంట్లో పెరుగుతున్నాడు, భూమి అన్యాక్రాంతమైపోతుంది అని. ఆవిడ చెప్పింది ఇంకోలా ఉంది. నేను మనువాడిన ఇంటికి పిల్లాణ్ణి వెంట తీసుకునే వెళ్ళాను, వాడు నా దగ్గరే ఉన్నాడు, భూమి నాకొద్దు, ఎవరినైనా చూసుకోమనండి, పంట కోర్టులో జమ చెయ్యమనండి, పిల్లాణ్ణి మాత్రం నా దగ్గర ఉంచండి. వెంట తీసుకునే వెళ్ళింది! వదిలేసి పోవడం కాదు. మూడేళ్ళ వయసులో నాన్న పోయాడు పిల్లాడికి, ఆరో ఏట కోర్టు తీసుకెళ్ళి పెదనాన్న చేతిలో పెట్టింది, ఈ మధ్య మూడేళ్ళూ అమ్మ దగ్గరే ఉన్నాడు. ఆ మూడేళ్ళని మా ఇంటి కథ మింగేసింది.

జడ్జి ఆవిడ నడవడి గురించి ఒక్క చెడ్డ మాట కూడా రాయలేదు, పిల్లాణ్ణి సరిగ్గా చూడలేదనీ రాయలేదు. పిల్లాడికి సరిపడా ఆస్తి ఉంది కాబట్టి తల్లి సమ్మతి అవసరం లేదు, తండ్రి వైపు వాళ్ళ దగ్గర పెరగడమే ఆస్తికీ పిల్లాడికీ క్షేమం, అంతే. భూమి వేరేవాళ్ళు చూసుకుంటే పిల్లాడు తల్లి దగ్గర ఉండొచ్చు కదా అన్న ఆవిడ మాటకి జవాబే లేదు. ఆవిడ పిల్లాణ్ణి చూడొచ్చా, పండక్కి పంపించాలా, దాని మీద కూడా ఒక్క ముక్క లేదు. ఆ రోజుల్లో ఆ వైపుకి రైలు లేదు, లంకల్లోంచి రాజమండ్రి అంటే కాలవ మీద పడవలో, లాకుల దగ్గర ఆగుతూ ధవళేశ్వరం దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి నడక. ఆర్డరులో వాయిదాల తేదీలు నాలుగున్నాయి. నాలుగిటికీ ఎదుటి పక్షం హాజరు అనే ఉంది.

దొడ్డమ్మకి ఇదంతా తెలుగులో చెప్పా. వింటూ వింటూ కొంగుతో కళ్ళు తుడుచుకుని "మా ఇంట్లో కూడా వదిలేసి పోయిందనే చెప్పారే మాకూ" అంది.

పెదనాన్నని నేను దుర్మార్గుడు అనలేను, అదీ చెప్పాలి. చెల్లు కాగితంలో ఉన్న భూమి, తండ్రి పోయిననాటి భూమి ఒకటే, సెంటు తగ్గలేదు. పిల్లాణ్ణి బడికి పంపాడు, మా ముత్తాత సంతకం పెట్టగలిగాడు అంటే అందుకే. ఇరవై ఒకటి నిండగానే లెక్క చూపించి అప్పజెప్పాడు, అప్పట్లో ఎంతమంది అలా అప్పజెప్పారో పాత కేసులు చూసినవాళ్ళకి తెలుసు. నాకు కోపం వచ్చేది ఆయన మీద కన్నా ఆ తర్వాత కథ మార్చినవాళ్ళ మీద. ఎవరు మార్చారో తెలీదు. ఓడిపోయిన మనిషిని వెళ్ళిపోయిన మనిషిగా చేశారు.

ఆ ఆర్డరు నకలు చివర, ముట్టింది అని పెదనాన్న చేవ్రాలు ఉంది. ఆఖరి అక్షరం దగ్గర కలాన్ని కిందకి లాగి, పాము తోకలా ఒక మెలిక తిప్పి వదిలాడు. ఆ మెలిక నేను ఎక్కడో చూశా. ఇంటికి రాగానే మనోవర్తి దస్తావేజు తీశా. నేనూ కరణం గారబ్బాయీ లోపలి సంగతంతా చదివాం గానీ కింద సాక్షుల దగ్గర ఆగలేదు, మరకలు పడి ఉంది, సాక్షులే కదా అని వదిలేశాం. కిటికీ వెలుతురులో పెట్టి ఫోన్‌లో పెద్దది చేసి చూశా. మొదటి సాక్షి చేవ్రాలు చివర అదే మెలిక.

పదిహేనేళ్ళ కిందట ఆవిడ దగ్గర్నుంచి పిల్లాణ్ణి తెచ్చుకున్న మనిషే, ఆ పిల్లాడు పెరిగి తల్లికి భూమి రాసిస్తుంటే సాక్షి సంతకం పెట్టాడు. బలవంతం మీద పెట్టాడా, ఇష్టంగా పెట్టాడా, ఆ రోజు రిజిస్ట్రారు ఆఫీసుకి ఆవిడ కూడా వచ్చిందా, ముగ్గురూ ఒక్క చోట నిలబడ్డారా? కాగితంలో ఉన్నది సంతకాలే. హద్దులు మాత్రం ఉన్నాయి. ఆ అరెకరానికి తూర్పు పంట బోదె, ఉత్తరం ఎవరిదో పల్లం, మిగతా రెండు వైపులా రాసి ఇచ్చేవాడి సొంత భూమి. ఎక్కడో విడిగా ఉన్న ముక్క కాదు, తన చేనులోంచే కోసి ఇచ్చాడు, అంటే ఆవిడ ఆ చేలోకి వస్తే కొడుకు గట్టు మీద నుంచే రావాలి.

నాన్నకి అన్నీ చదివి వినిపించా. మధ్యలో ఏం మాట్లాడలేదు. అయిపోయాక "మా తాతమ్మ" అన్నాడు, ఆ వరస ఆయన నోట రావడం అదే మొదటిసారి. మహాలయ అమావాస్యకి స్వయంపాకం ఇచ్చేటప్పుడు పంతులుగారు పెద్దల పేర్లు అడుగుతారు, తండ్రి తాత ముత్తాత, తల్లి నాయనమ్మ, ఆ తర్వాత తాతమ్మ దగ్గరికి వచ్చేసరికి నాన్న ఎప్పుడూ తెలీదండీ అనేవాడు. ఈ ఏడు ఆయనకి నోరు తిరగదని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించుకుని జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. పేరు నేనిక్కడ రాయట్లేదు, ఆవిడ రెండో ఇంటి వాళ్ళు ఆ ఊళ్ళోనే ఉన్నారని తెలిసింది, ముందు వాళ్ళని కలవాలి. వచ్చే వారం దొడ్డమ్మా నేనూ కలిసి వెళ్తున్నాం, నాలుగు పేజీల ఆర్డరూ జిరాక్సు తీసి పెట్టుకున్నా, వాళ్ళింట్లో ఆవిడ గురించి ఏం చెప్పుకున్నారో వినాలని ఉంది.